పదమూడో సైకిలు

మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చి చాలాకాలమైనా మైలురాళ్ళ శాఖ మాత్రం మైలురాళ్ళ శాఖగానే ఉండిపోయింది. రోడ్డు పక్కన పాతిన ప్రతి రాయీ పాతినచోటే ఉందా, లేక ఎటైనా వెళ్ళిందా అని చూడడం ఆ శాఖ పని. ఏడాదికోసారి ఒక్కో రాయి గురించీ "రాయి ఉన్నచోటే ఉన్నది" అని ఒక కాగితం పైకి వెళుతుంది. పైవాళ్ళు "గమనించడమైనది" అని రాసి కిందికి పంపుతారు. శాఖ పుట్టినప్పటినుంచీ ఒక్క రాయి కూడా కదల్లేదు గనక శాఖ బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే.

అలాంటి శాఖలోకి సైకిలు వచ్చిపడింది. ఆ ఏడు మంత్రిగారిని డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. తానొక్కరే తొక్కితే ఏం బాగుంటుందని మంత్రిగారు ప్రభుత్వం మొత్తం చేత తొక్కించాలనుకున్నారు. ప్రతి శాఖా నాలుగు రోజులకు తక్కువ కాకుండా సైకిలు యాత్ర చేసి ఫోటోలు పంపాలని ఉత్తర్వు దిగింది. మైలురాళ్ళ శాఖ డైరెక్టరు మార్తాండరావుగారు సైకిలెక్కి ముప్ఫై ఏళ్ళయింది. అయినా మంత్రిగారి మాట కదా, ప్రధాన కార్యాలయం నుంచి ఘాటీ మీదుగా, కొండకవతల దిగువమెట్ట దాకా అరవై కిలోమీటర్ల యాత్ర ప్రకటించేశారు. దారిలో రాళ్ళు కూడా చూసినట్టుంటుంది.

దిగువమెట్ట పేరు చెవినపడగానే అటెండరు సన్యాసప్పడు టీ గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయాడు.

పేరుకు తగ్గట్టే తొమ్మిదేళ్ళుగా అతనికి సంసారం లేదు. ఉంది గానీ అది దిగువమెట్టలో ఉంది. పెళ్ళాం పైడమ్మ అక్కడ అంగన్‌వాడీ టీచరు. ఆమె ఉద్యోగం ఆ ఊరు దాటి రాదు, అతని ఉద్యోగం ఈ ఊరు దాటి పోదు. నెలకు రెండు ఆదివారాలు కొండెక్కి దిగి వెళ్ళి, చుట్టంలా ఒక పూట తిని వచ్చేవాడు. దిగువమెట్టలో శాఖకొక సెక్షను ఆఫీసుంది, అందులో అటెండరు కుర్చీ ఆరేళ్ళుగా ఖాళీ. అక్కడికి పంపండి మహాప్రభో అని అతను అర్జీ పెట్టుకుని కూడా ఆరేళ్ళే. చిక్కేమిటంటే, దిగువమెట్టకు ఇంతవరకూ అందరినీ శిక్షగానే పంపారు. శిక్షగా పంపడానికి నమూనా కాగితం ఉంది. కోరి వెళ్ళడానికి లేదు. పైగా ఎవరూ పోనిచోటికి వీడు పోతానంటున్నాడంటే అక్కడేదో లాభం ఉండే ఉంటుందని ఫైలు మీద ఒకరి తర్వాత ఒకరు అనుమానం రాస్తూ వచ్చారు.

ఈసారి డైరెక్టరుగారే పిలిచారు. "ఏమోయ్, నీకు సైకిలు బాగుచేయడం వచ్చటగా? యాత్రకు రా. నీ క్రమశిక్షణ గమనిస్తాను. తృప్తికరంగా ఉంటే దిగువమెట్ట సభలోనే నీ ఫైలు విషయం సానుకూలంగా పరిశీలించే అంశాన్ని ఆలోచిస్తాను."

ఇంత పొడుగు మాటలో తనకు కావలసింది ఎక్కడుందో సన్యాసప్పడు వెతుక్కుని పట్టుకున్నాడు. "సిత్తం బాబూ. మీ ఎనకే వొత్తాను. మీ నీడ మీద కూడా సెక్రం పడనివ్వను," అన్నాడు.

ఆ రోజే పైడమ్మకు ఫోన్ చేసి చెప్పాడు. ఆమె ఉప్పొంగిపోలేదు. "ఆరేళ్ళ బట్టీ ఇంటన్నాను. వొచ్చినప్పుడు సూద్దుంలే," అంది. కానీ మర్నాడే ఇంటి ముందు వాకిలి ఒక మూల చదును చేయించిందని తర్వాత తెలిసింది. సైకిలు పెట్టుకోవడానికట.

యాత్ర నియమాలు రాసే పని సూపరింటెండెంటు పానకాలరావుగారి మీద పడింది. ఆయన నియమం రాస్తే చీమ దూరడానికి సందుండదు. ఎవరు ముందు తొక్కాలి, ఎవరు వెనక తొక్కాలి అన్న ప్రశ్న రాగానే ఆయన బీరువా తీసి సీనియారిటీ జాబితా బయట పెట్టారు. దాని ప్రకారం ఏడో నియమం ఇలా తయారైంది: "ఏ ఉద్యోగీ తన పైస్థాయి ఉద్యోగికి ముందుగా గాని పక్కగా గాని ప్రయాణించరాదు. తనకు పై వరుసలోని సైకిలు కదలనిదే తన సైకిలు కదపరాదు." ఎనిమిదో నియమం: "కింది ఉద్యోగి సైకిలు పై ఉద్యోగి సైకిలు కన్నా మెరుగైన స్థితిలో ఉండరాదు." తొమ్మిదో నియమం: "పై అధికారిని ఉద్దేశించి బెల్లు కొట్టరాదు. బెల్లు కొట్టదలచినవారు తమ తక్షణ పై అధికారి ద్వారా కొట్టించుకోవలెను."

జాబితాలో పద్నాలుగు వరుసలు. ఒకటి డైరెక్టరుగారు, రెండు డిప్యూటీ డైరెక్టరు హైమావతిగారు, ఆరు పానకాలరావుగారు, పద్నాలుగు సన్యాసప్పడు. పదమూడు మాత్రం రికార్డు అసిస్టెంటు పోస్టు. అది నాలుగేళ్ళుగా ఖాళీ.

"ఖాళీయే కదా, వదిలేద్దాం," అన్నారు హైమావతిగారు.

పానకాలరావుగారు అదిరిపడ్డారు. "మేడమ్! జాబితాలోంచి ఒకసారి తప్పిస్తే ఆ పోస్టు అవసరం లేదని పైవాళ్ళు ఎత్తేస్తారు. మనిషి లేకపోయినా పోస్టు ఉంది. పోస్టు ఉంది గనక సైకిలు ఉండాలి. సైకిలు ఉంది గనక యాత్ర చేయాలి."

"ఎవరు తొక్కుతారు?"

ఆ ప్రశ్నకు జవాబు ఫైల్లోనే ఉంది. రికార్డు అసిస్టెంటు పోస్టుకు పూర్తి అదనపు బాధ్యతలు వహిస్తున్నది పానకాలరావుగారే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు. సంతకం ఆయనదే.

*

మొదటి రోజు పొద్దున్న జెండా ఊపాక యాత్ర మొదలైంది. డైరెక్టరుగారు పెడలు మీద కాలు పెట్టి, జారి, మళ్ళీ పెట్టి, చెప్పులు కుట్టేవాడు దారం లాగినంత నిదానంగా కదిలారు. వెనక హైమావతిగారు. ఆవిడ కాలేజీ రోజుల్లో సైకిలు పందేల్లో కప్పులు గెలిచిన మనిషి. రెండు బ్రేకులూ పట్టుకుని, పళ్ళు బిగించి ఆయన వెనకే వెళ్ళారు. ఒక కిలోమీటరు వెళ్ళాక మొదటి రాయి దగ్గర అందరూ ఆగారు. పానకాలరావుగారు తన ఆరో సైకిలుకు స్టాండు వేసి, పంచె ఎగ్గట్టి, కిలోమీటరు వెనక్కి నడిచి వెళ్ళారు. అక్కడ పదమూడో సైకిలు, దాని వెనక ఒంటికాలి మీద సన్యాసప్పడు ఎదురుచూస్తున్నారు.

"నానట్టుకొత్తాను బాబూ దీన్ని. నాకేటి కష్టం!" అన్నాడు సన్యాసప్పడు జాలిపడి.

"అదనపు బాధ్యతలు బదలాయించడానికి వీల్లేదు," అన్నారు పానకాలరావుగారు రొప్పుతూ. పదమూడో సైకిలెక్కి ముందుకు తొక్కారు. దాని వెనక సన్యాసప్పడు. రాయి దగ్గర మళ్ళీ అందరూ కలిశారు. "రాయి ఉన్నచోటే ఉన్నది" అని రాసుకుని రెండో రాయికి బయలుదేరారు.

అందరూ రోజుకు పదిహేను కిలోమీటర్లు వెళితే పానకాలరావుగారు నలభై అయిదు వెళ్ళారు. అందులో పదిహేను వెనక్కి. శాఖ చరిత్రలో ఇంత పనిచేసినవాడు లేడు.

రెండో రోజు డైరెక్టరుగారి రెండు చక్రాల్లోనూ ముళ్ళు దిగాయి. ఎనిమిదో నియమం పిలవకుండానే వచ్చి నిలబడింది. డైరెక్టరుగారి చక్రంలో గాలి లేనప్పుడు కిందివాళ్ళ చక్రాల్లో గాలి ఉండడం మెరుగైన స్థితి కాదా? వరస ప్రకారం, ముందు హైమావతిగారు, తర్వాత మూడోవారు, అలా కిందిదాకా అందరూ బుస్సుమని గాలి తీసేశారు. సన్యాసప్పడు పంక్చర్లు వేసి, పద్నాలుగు సైకిళ్ళకు, అంటే ఇరవై ఎనిమిది చక్రాలకు గాలి కొట్టాడు. అదీ మళ్ళీ వరస ప్రకారమే. పదమూడోదాని దగ్గరికి వచ్చేసరికి రెక్కలు పడిపోయాయి. తన సైకిలుకు కొట్టుకునే ఓపిక లేక గట్టు మీద కూలబడ్డాడు. "ఎల్లుండి దిగువమెట్ట, ఎల్లుండి దిగువమెట్ట" అని రెండుసార్లు అనుకుని మళ్ళీ లేచాడు.

మూడో రోజు ఘాటీ ఎక్కుడు. డైరెక్టరుగారు దిగి నడిస్తే అందరూ దిగి నడిచారు. కాసేపటికి ఆయన మోకాళ్ళు మొరాయించాయి. వెనక వస్తున్న శాఖ జీపు ఎక్కారు. ఆ జీపును ఆనాటికి సైకిలుగా పరిగణించినట్టు పానకాలరావుగారు అక్కడికక్కడే ప్రొసీడింగ్సు రాశారు. జీపు ఉన్న రోజున కూడా యాత్ర వేగం పెరగలేదు. డ్రైవరుకు మొదటి గేరు తప్ప వాడవద్దని రాతపూర్వకంగా చెప్పారు.

సాయంత్రం కొండపైన బసలో మార్తాండరావుగారి సైకిలును పరీక్షిస్తే బ్రేకు రబ్బర్లు అరిగి ఇనుము బయటపడింది. రేపంతా దిగుడు. మంత్రిగారి పేషీకి ఫోటోలు పంపాలి గనక డైరెక్టరుగారు సైకిలు మీదే దిగాలి. కొత్త రబ్బర్లు కొండ మీద దొరకవు.

"నీ రబ్బర్లు ఎలా ఉన్నాయి?" అని పానకాలరావుగారు సన్యాసప్పణ్ణి అడిగారు.

"మొన్ననే ఏసినాను బాబూ. కొత్తవి."

"మెరుగైన స్థితి," అన్నారు పానకాలరావుగారు బాధగా తల ఊపుతూ. "ఎనిమిదో నియమం. విప్పు."

"మరి నానెలా ఆగుతాను బాబూ?"

"నీ ముందు పదమూడోది ఉంటుంది కదా. అది ఆగినప్పుడు నువ్వూ ఆగు."

ఆరేళ్ళు నోరు మూసుకున్నవాడు ఇంకొక్క రోజు మూసుకోలేడా? సన్యాసప్పడు నాలుగు రబ్బర్లూ విప్పి దొరగారి సైకిలుకు బిగించాడు.

*

నాలుగో రోజు. కొండ శిఖరం నుంచి దిగువమెట్టకు పదిహేను కిలోమీటర్లు. పన్నెండు మంది మొదటి కిలోమీటరు దిగి, రాయి దగ్గర వరసగా సైకిళ్ళు పట్టుకుని ఆగారు. పానకాలరావుగారు యథాప్రకారం వెనక్కి తిరిగి, ఈసారి కొండ ఎక్కుతూ, నడుస్తున్నారు. పైన పదమూడోది స్టాండు మీద ఉంది. దాని వెనక సన్యాసప్పడు సీటు మీద కూర్చుని ఒక కాలు నేల మీద ఆనించి ఉన్నాడు. చెట్ల సందుల్లోంచి దిగువమెట్ట పెంకుటిళ్ళు కనిపిస్తున్నాయి. అందులో తనది ఏదో గుర్తుపట్టాడు కూడా.

వెనక నుంచి ఏజెన్సీ బస్సు వచ్చి గట్టిగా హారన్ కొట్టింది. పక్కకు జరుగుదామని అతను కాలెత్తాడు. అంతే. సైకిలు కదిలింది.

పదమూడోదాన్ని దాటాడు. ఖాళీ పోస్టు గనక అది ఏమీ అనలేదు. చెప్పు చక్రానికి అడ్డం పెడితే చెప్పు తెగింది. బెల్లు మీద వేలు పెట్టి, తొమ్మిదో నియమం గుర్తొచ్చి తీసేశాడు. తక్షణ పై అధికారి ద్వారా కొట్టించుకుందామంటే పదమూడోది ఖాళీ.

ఎదురుగా పానకాలరావుగారు ఆయాసపడుతూ వస్తున్నారు. "ఒరేయ్, ఎక్కడికిరా!"

"దిగువమెట్టకి బాబూ!" అంటూ వెళ్ళిపోయాడు.

రాయి దగ్గర అధికారులంతా వరసగా నిలబడి ఉన్నారు. సన్యాసప్పడు పన్నెండో వారి ముందు నుంచి, పదకొండో వారి ముందు నుంచి, గౌరవ వందనం స్వీకరిస్తున్న మంత్రిలా సాగిపోయాడు. అరనిమిషంలో అంతమందిని దాటిన ఉద్యోగి ఏ శాఖలోనూ లేడు. హైమావతిగారిని దాటినప్పుడు ఆవిడ పెదవుల మీద నవ్వు వచ్చిందని అతనికి అనిపించింది. కొబ్బరిబొండాం తాగుతున్న డైరెక్టరుగారి దగ్గరికి వచ్చేసరికి ప్రాణం ఉసూరుమంది. ఇక ఫైలు గోదాట్లో కలిసినట్టే. మర్యాదైనా దక్కించుకుందామని హేండిలు ఒదిలి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. డైరెక్టరుగారు అలవాటు కొద్దీ తల ఊపి, ఆ తర్వాత బొండాం వదిలేశారు.

మిగిలిన పద్నాలుగు కిలోమీటర్లూ మలుపు మలుపుకీ కులదేవతను తలుచుకుంటూ దిగాడు. నేల చదునయ్యాక సైకిలు దానంతట అదే నెమ్మదించి, స్వాగత ద్వారం కింద సరిగ్గా ఆగింది. మొట్టమొదట వచ్చినవారికి దండ వెయ్యమని అక్కడి సెక్షను ఆఫీసుకు ఆదేశం. వేశారు. డప్పులు వాయించారు. ఒకడు ఫోటో తీసి, శాఖ వాట్సాప్ గ్రూపుకూ మంత్రిగారి పేషీకీ పంపాడు. హారతి పళ్ళెం పట్టుకున్న అంగన్‌వాడీ టీచరు దగ్గరికి వచ్చి, దండ సందులోంచి మొహం చూసి, పళ్ళెం ఒలకబోసుకున్నంత పని చేసింది.

"ఇదేటి, నువ్వా! మీ దొరేడీ?"

"ఎనకుండిపోనారే. నాను ముందొచ్చీసినాను," అన్నాడు. అని ఏడ్చేశాడు. "మన కాయితం సింపీసినట్టేనే పైడీ."

"ఊరుకో. హారతిచ్చినప్పుడు ఏడవకూడదు," అని పైడమ్మ తన కళ్ళు తుడుచుకుంది.

*

మూడు గంటల తర్వాత డైరెక్టరుగారు వచ్చారు. విచారణ అంగన్‌వాడీ గదిలోనే జరిగింది. వేరే కుర్చీలు లేక పిల్లల కుర్చీల్లోనే మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు.

"పదకొండు మంది అధికారులను సైకిలు మీద, ఒక అధికారిని నడకలో, ఒక ఖాళీ పోస్టును నిలువునా అతిక్రమించాడు," అని పానకాలరావుగారు చదివారు.

"వీణ్ణి..." అని డైరెక్టరుగారు వేలు చూపించారు. "వీణ్ణి దిగువమెట్టకే పారెయ్యండి! రిటైరయ్యేదాకా ఇక్కడే చావనివ్వండి!"

గోడవతల పైడమ్మ చెవి గోడకు ఆనించింది. ఆరేళ్ళలో కానిది ఆరు మాటల్లో అయిపోయింది. సన్యాసప్పడు తల దించుకుని, నవ్వు కనబడకుండా మొహం వీలైనంత వేలాడదీశాడు. పానకాలరావుగారు శిక్ష నమూనా బయటికి తీశారు కూడా. అప్పుడే డైరెక్టరుగారి ఫోన్ మోగింది. మంత్రిగారి పేషీ నుంచి అభినందనలు. ఫోటో అద్భుతంగా ఉందట. దండతో ఉన్న ఆ అధికారి ఎవరని మంత్రిగారు అడిగారట.

డైరెక్టరుగారు ఫోన్ పెట్టేసి పానకాలరావుగారి వైపు చూశారు.

పానకాలరావుగారు నమూనా మళ్ళీ సంచిలో పెట్టారు. "సార్, శిక్ష వేస్తే నేరం రికార్డవుతుంది. నేరం రికార్డయితే అటెండరు మీకన్నా ముందొచ్చాడన్నది శాశ్వతంగా రికార్డవుతుంది."

"అయితే?"

"యాత్ర ప్రధాన కార్యాలయంలో మొదలై దిగువమెట్టలో ముగిసిందని ఎవరన్నారు? దిగువమెట్టలోనే మొదలైందని సవరణ ఇద్దాం. ఈ ఫోటో స్వాగతం కాదు, వీడ్కోలు. పైవారంతా సీనియారిటీ ప్రకారం అప్పటికే బయలుదేరి వెళ్ళిపోయారు. అందుకే ఫోటోలో లేరు. అందరికన్నా చివర మిగిలినవాడు అటెండరు. ఏడో నియమం చెక్కుచెదరలేదు."

డైరెక్టరుగారి మొహం వికసించింది. "భేష్! అయితే వీడు నిర్దోషి. శిక్ష రద్దు."

"లేదు బాబూ!" సన్యాసప్పడు కాళ్ళ మీద పడ్డాడు. "తప్పు నాదే! కావాలనే దాటినాను. మిమ్మల్ని దాటినాను, అమ్మగారిని దాటినాను. శిచ్చెయ్యండి బాబూ!"

"నువ్వు నిర్దోషివి, నోరు మూసుకో!" అన్నారు డైరెక్టరుగారు.

"పోనీ బాబూ, నా అర్జీ..."

"దానికి నమూనా లేదని ఎన్నిసార్లు చెప్పాలి?"

గోడవతల గిన్నె ఒకటి కింద పడింది.

యాత్ర అలా విజయవంతంగా ప్రారంభమైంది గనక అందరూ వెంటనే బయలుదేరారు. డైరెక్టరుగారు సైకిలుగా పరిగణించిన జీపులో, మిగతావారు సైకిళ్ళుగా పరిగణించిన బస్సులో, సీట్లు సీనియారిటీ ప్రకారం. పానకాలరావుగారు బస్సు మెట్టు మీద కాలు పెట్టబోతూ, పైనుంచి దింపించిన పదమూడో సైకిలును చూశారు. నాలుగు రోజుల నడక ఆయన కాళ్ళకు ఒక్కసారి జ్ఞాపకం వచ్చింది. అక్కడే కూర్చుని, అనారోగ్య కారణాల వల్ల రికార్డు అసిస్టెంటు పోస్టు అదనపు బాధ్యతల నుంచి వైదొలగుతున్నట్టు రాసి, హైమావతిగారికి ఇచ్చారు.

ఆవిడ ఆ కాగితం చూశారు. పదమూడో సైకిలును చూశారు. దాని వెనక, దండ ఇంకా మెడలోనే ఉన్న సన్యాసప్పణ్ణి చూశారు. నియమాల పుస్తకం తీసి, పిల్లలకు పాఠం చెప్పినట్టు నిదానంగా చదివారు.

"ఏడో నియమం. 'తనకు పై వరుసలోని సైకిలు కదలనిదే తన సైకిలు కదపరాదు.' అర్థమైందా? పదమూడోది కదిలాకే నువ్వు కదలాలి. దాన్ని తొక్కే మనిషిని ప్రభుత్వం ఎప్పుడు వేస్తే అప్పుడే. అంతవరకూ నువ్వు యాత్రలో ఉన్నట్టే లెక్క. రోజూ రిపోర్టు పంపు."

"నానిక్కడే ఉండాలాండమ్మా?" అన్నాడు, నమ్మలేక.

"నేను ఉండమనలేదు. నియమం చదివానంతే," అని ఆవిడ బస్సెక్కారు.

*

ఇది జరిగి మూడేళ్ళయింది. పదమూడో సైకిలు పైడమ్మ చదును చేయించిన వాకిట్లో ఉంది. దాని వెనక ఆరడుగుల దూరంలో పద్నాలుగోది. సన్యాసప్పడు పొద్దున్నే లేచి రెండూ తుడిచి, ఖాళీ కుర్చీ ఎలాగూ ఉంది గనక సెక్షను ఆఫీసులో టీలు అందించి, సాయంత్రం రిపోర్టు రాస్తాడు: "పదమూడవ సైకిలు ఉన్నచోటే ఉన్నది." పైనుంచి "గమనించడమైనది" అని జవాబు వస్తుంది. శాఖ రికార్డుల్లో అంత క్రమశిక్షణ కలిగిన యాత్రికుడు మరొకడు లేడు.

మొన్న కార్యాలయం నుంచి వేరే కాగితం వచ్చింది. రికార్డు అసిస్టెంటు పోస్టు భర్తీ అయిందట. కొత్త ఉద్యోగి సోమవారం దిగువమెట్ట వచ్చి, పదమూడో సైకిలు తీసుకుని యాత్ర కొనసాగిస్తాడట. సన్యాసప్పడు ఆ కాగితం రెండుసార్లు చదివి, అరుగు మీద కూలబడ్డాడు. పదమూడోది కదిలితే పద్నాలుగోదీ కదలాలి.

పైడమ్మ కాగితం చదివింది. పిల్లలందరూ ఇళ్ళకు వెళ్ళాక వాకిట్లోకి వచ్చి, పదమూడో సైకిలు పక్కన పీట వేసుకుని కూర్చుంది. ముందు చక్రం వాల్వు విప్పింది. బుస్సుమంది. వెనకది కూడా విప్పింది. రెండు వాల్వు ట్యూబులూ తీసి కొంగున ముడి వేసుకుంది.

"ఏటే అది!" అన్నాడు సన్యాసప్పడు.

"పై సైకిల్లో గాలి లేనప్పుడు కింద సైకిల్లో ఉండకూడదన్నావు కదా," అని, పీట జరుపుకుని అతని సైకిలు వైపు తిరిగింది.